టీవీ పగలగొట్టమన్న ప్రసంగానికి మా జవాబు



ఈ మధ్య మన చుట్టుపక్కల జరిగిన ఉజ్జీవ కూడికలలో ఒక దైవజనులు మూడు రాత్రులూ ఒకే మాట మీద నిలబడ్డారు. ఇంట్లో టీవీ పెట్టుకోవడమంటే సాతానుకు పీట వేయడమేనట. నిజమైన విశ్వాసి దాన్ని వీధిలోకి తెచ్చి పగలగొట్టాలట. సినిమాలు చూసేవారికి ప్రభువు బల్ల ఇవ్వకూడదట. మన సంఘం నుంచి వెళ్ళినవారు కొందరు హడలిపోయి వచ్చారు. ఒక పెద్దావిడ మా గుమ్మం ముందు నిలబడి, "అయ్యగారూ, మా కోడలు సీరియల్ చూస్తది, దానికి ఈ నెల బల్ల ఇస్తారా, ఇవ్వరా?" అని అడిగింది. ఇస్తాము. ఆ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది మీరు నిదానంగా చదువుకోవచ్చు.

ఆ మూడు ప్రసంగాలూ మేమూ విన్నాము. కూడికలకు వెళ్ళి కాదు, యూట్యూబ్‌లో. రెండు మూడు కెమెరాలతో తీసి, వెనుక సంగీతం కలిపి, వారి పరిచర్యవారే పెట్టారు. తెర సాతానుదైతే దాని మీద మీ ముఖం ఏం చేస్తున్నదండీ అని అడగాలనిపించింది. అడిగితే అది సువార్త కోసం అంటారు. సరే, అయితే తప్పు తెరది కాదని వారే ఒప్పుకున్నట్టు గదా. ఇక మాట్లాడవలసింది ఆ తెర మీద ఏముంది, దాన్ని మనం ఎలా చూస్తున్నాము అనే. పగలగొట్టమనడానికి ఒక్క నిమిషం చాలు. కూర్చుని చూసి, ఇది మంచిది, ఇది చెడ్డది, ఇది సగం వరకే మంచిది అని బిడ్డలకు విడమరచి చెప్పడానికే సాయంత్రాలు కావాలి.

వారు ఎత్తిన వాక్యం కీర్తన 101లోది. నీచమైన దాన్ని కళ్ళెదుట పెట్టుకోనని దావీదు చేసుకున్న తీర్మానం. మంచి వాక్యమే. అయితే అదే దావీదు పాపంలో పడినప్పుడు నాతాను ఆయన దగ్గరకు ఏం పట్టుకుని వెళ్ళాడో 2 సమూయేలు 12వ అధ్యాయంలో చూడండి. ధర్మశాస్త్రపు గ్రంథపు చుట్ట పట్టుకుని వెళ్ళలేదు, కథ పట్టుకుని వెళ్ళాడు. ఒక ధనవంతుడు, ఒక బీదవాడు, వాడికున్న ఒక్కగానొక్క గొఱ్ఱెపిల్ల. దావీదు ఆ కథలో పూర్తిగా పడిపోయి ఆ ధనవంతుని మీద మండిపడ్డాడు. ఆ ధనవంతుడు తానేనని ఆ తరువాత గాని ఆయనకు తెలియలేదు. సింహాసనం మీదున్నవాడికి నేరుగా చెబితే అంత లోపలికి దిగేదా? పౌలు కూడా ఏథెన్సులో నిలబడి వారి కవుల మాటనే వారికి వినిపించాడు (అపొ.కా. 17). ఆ కవులను ఎక్కడా చదవకుండా, వినకుండా వినిపించలేదు గదా.

కాబట్టి మా ఇంట్లో మేము, పాస్టరమ్మగారు, పిల్లలు కలిసి చూసినవాటి గురించి ఏమనుకున్నామో దాపరికం లేకుండా రాస్తున్నాము. ఒప్పుకోనివారు ఆదివారం ఆరాధన అయ్యాక మాట్లాడండి.

మొదట "మనవి" అని అందరూ అనుకునే సినిమాలు. 1978లో వచ్చిన ‘కరుణామయుడు’. దర్శకుడు భీమ్‌సింగ్ గారు ఆ సినిమా విడుదల చూడకుండానే కన్నుమూశారు. ప్రభువు వేషం విజయచందర్ గారు వేశారు. పల్లె పల్లెలో తెల్లగుడ్డ కట్టి ప్రొజెక్టరు మీద వేసిన బొమ్మ ఇది, ఇతర భాషల్లోకి కూడా వెళ్ళింది. చదువు రాని మన అవ్వలు, తాతలు ఎందరో సిలువ కథను కళ్ళతో చూసింది మొదట ఇందులోనే. సినిమా చూసినవారికి బల్ల ఇవ్వకూడదంటే, ఆ తెల్లగుడ్డ ముందు నేల మీద కూర్చుని ఏడ్చి ప్రభువును నమ్ముకున్నవారిని ఏం చేద్దాము? బల్ల నుంచి లేపేద్దామా?

అలాగని ఆ సినిమాను నెత్తిన పెట్టుకోమనడం లేదు. ఆ ముఖంలో జాలి బాగా పలికింది, కోపం అంతగా పలకలేదు. దేవాలయంలో రూకలు మార్చేవారి బల్లలు పడదోసిన ప్రభువు మనకు అంతే అవసరం. ఇంకొక సంగతి. విజయచందర్ గారి ఫోటోను ప్రభువు పటమని గోడకు తగిలించి దండ వేసిన ఇళ్ళు మేము చూశాము. ఆయనే 1986లో షిర్డీ సాయిబాబా వేషమూ వేశారు, అదే ముఖంతో. అది నటుని వృత్తి, ఆయన తప్పేమీ లేదు. మేకులు కొట్టి పటం తగిలించినవారు మాత్రం కొంచెం ఆలోచించుకోవాలి.

అదే విజయచందర్ గారితో 1980లో బాపు గారు తీసిన ‘రాజాధిరాజు’ మాకు ఇంకా ఎక్కువ నచ్చుతుంది. మాటలు ముళ్ళపూడి వెంకటరమణ గారివి. జీవితమంతా రామాయణం మీద మనసు పెట్టుకున్న ఇద్దరు మనుషులు సాతానును ఎంత బాగా అర్థం చేసుకున్నారో చూడండి. నూతన్‌ప్రసాద్ గారు వేసిన సాతానుకు మన ఫ్లెక్సీల మీద గీసే కొమ్ములు, తోక గుర్తుండవు. వాడు నవ్వుతాడు, నవ్విస్తాడు, మనకు కావలసిందేదో తెచ్చి ఇస్తానంటాడు. మన ప్రసంగాల్లో సాతాను ఎప్పుడూ పక్కింటి టీవీలోనే ఉంటాడు. బాపు గారి సాతాను మన అరుగు మీద కూర్చుంటాడు.

మన బుర్రిపాలెం కృష్ణ గారు 2004లో ‘శాంతి సందేశం’లో ప్రభువు వేషం వేశారు. తెనాలి తాలూకా వాళ్ళం గనుక ఆయన మీద మాకూ అభిమానమే. అయినా అప్పటికే ఆయనకు 60 దాటాయి. ప్రభువు పరిచర్య మొదలుపెట్టినప్పుడు దాదాపు 30 ఏళ్ళవాడని లూకా రాశాడు. ఇంతకంటే చెప్పము, ఊళ్ళో తిరగాలి గదా.

అదే 2004లో వచ్చిన మెల్ గిబ్సన్ ‘ది ప్యాషన్ ఆఫ్ ది క్రైస్ట్’ సంగతి మాత్రం గట్టిగానే చెప్పాలి. శుభ శుక్రవారం నాడు ప్రొజెక్టరు అద్దెకు తెచ్చి, ఆదివారపు బడి పిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టి దీన్ని వేసే మందిరాలున్నాయి. టీవీ పగలగొట్టమనే నోరే ఆ పూట "అందరూ రండి" అని మైకులో పిలుస్తుంది. అమెరికాలో 17 ఏళ్ళలోపు పిల్లలు పెద్దవారి తోడు లేకుండా చూడకూడదని నిర్ణయించిన సినిమా అది. ప్రభువును కొరడాలతో కొట్టించిన సంగతిని సువార్తలు నాలుగూ కలిపి రెండు మూడు ముక్కల్లో ముగించాయి. సినిమా దాన్ని నెత్తురు మడుగులో చాలాసేపు నిలబెట్టింది. పునరుత్థానానికి మాత్రం చివర్లో కొద్ది క్షణాలే మిగిలాయి. సువార్త రాసినవారికి ఎక్కడ ఆగాలో తెలుసు. ఏడేళ్ళ పిల్ల రాత్రి నిద్రలో ఉలిక్కిపడి లేస్తే అది భక్తి కాదు, బెదురు. మన మందిరంలో ఆ సినిమా పిల్లలకు వేయము.

ఇక "లోక సంబంధమైనవి" అని తీసిపారేసే సినిమాలు. మనవాళ్ళు వాటిలో ఎలా కనిపిస్తున్నారో ఎప్పుడైనా గమనించారా?

‘మిస్సమ్మ’ 1955లో వచ్చింది. తీసినవారిలో ఒకరైన చక్రపాణి గారు తెనాలి ఐతానగర్ మనిషి. మిస్సమ్మగా వేసిన సావిత్రి గారు పుట్టింది చిర్రావూరులో. ఉద్యోగం కోసం ఒక హిందూ యువకుడు, మేరీ అనే క్రైస్తవ యువతి భార్యాభర్తలమని అబద్ధమాడి బడిలో చేరతారు. ఇప్పటికీ మా ఇంట్లో ఆ సినిమా వస్తే ఛానల్ మార్చరు. మేరీ చదువుకున్నది, పౌరుషం గలది, అప్పు తీర్చడం కోసం కష్టపడేది. ఎంత బాగుందనుకుంటుండగా చివర్లో తేలేదేమిటి? ఆమె మేరీ కానే కాదు, చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు గారమ్మాయి మహాలక్ష్మి. అందరూ సంతోషిస్తారు. మేరీ మేరీగానే ఉండి కోడలైతే ఆ సంతోషం ఉండేదా?

నవ్వుకునే సినిమాలో ఇంత తవ్వడమెందుకంటారేమో. మన సంఘంలో ఎంతమందికి రెండు పేర్లున్నాయో లెక్క పెట్టండి. బాప్తిస్మపు పుస్తకంలో ఒకటి, కులం సర్టిఫికెట్టులో ఒకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. పల్లె మారలేదు, శ్మశానం మారలేదు, టీ గ్లాసు వేరుగా పెట్టినవాడి బుద్ధి మారలేదు. మందిరానికి వచ్చినంత మాత్రాన కులం పోయిందని కాగితం మాత్రం చెబుతుంది. ఈ రాష్ట్రంలో అలాంటివారిని బీసీ-సి అన్నారు. బిడ్డకు సీటు రావాలంటే మేరీ మళ్ళీ మహాలక్ష్మి కావాలి. తెర మీద అది ఆనందాశ్రువులతో ముగిసిపోయింది. మన ఇళ్ళల్లో ప్రతి జూన్ నెలలోనూ తహసీల్దారు కార్యాలయం ముందు వరుసలో నిలబడుతుంది. టీవీ పగలగొట్టేవారు ఈ మాట ఒక్క రాత్రయినా ఎత్తి ఉంటే మేము వారి కూడికలకు నడిచి వెళ్ళేవాళ్ళం.

1981లో భారతీరాజా గారి ‘సీతాకోకచిలుక’లో హిందూ అబ్బాయి జంధ్యం, క్రైస్తవ అమ్మాయి సిలువ తీసి పారేసి కలిసిపోతారు. చూసినవారంతా చప్పట్లు కొట్టారు. దర్శకునికి ఆ రెండూ ఒకే రకం సంకెళ్ళుగా కనిపించాయి. జంధ్యం వేసుకోనివ్వనివారి మెడలోకి సిలువ ఎందుకు వచ్చిందో ఆయన అడగలేదు. ఇళయరాజా గారి సంగీతం బాగుందనేది వేరే సంగతి.

2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ యౌవనస్థులు తప్పక చూడాలి. అందులో జోసెఫ్ అనే కుర్రాడున్నాడు. పోరుబాట పట్టినవాడు, ప్రేమలో పడి మారినవాడు. అమ్మాయి తండ్రికి కనిపించింది మాత్రం అతని మతమే. అందులో నటించినవారిలో చాలామంది ఆ ఊరివారే గనుక ఎక్కడా వేషం వేసినట్టుండదు. ‘అంటే సుందరానికీ’ (2022) కూడా ఫరవాలేదు. క్రైస్తవ కుటుంబాన్ని మనుషులుగా చూపారు, వెక్కిరించలేదు. అబద్ధం మీద అబద్ధం పేర్చుకుంటూ పోవడం కొంత సాగింది.

పాస్టర్లను వెక్కిరించే కామెడీ స్కిట్ల మీద మన యౌవనస్థులు కొందరు కోపంగా ఉన్నారు, పోలీసు స్టేషనుకు వెళదామంటున్నారు. వద్దు. ఊగుతూ "హల్లెలూయ" అని అరిచి కానుకల సంచీ తిప్పే పాస్టరును చూసి జనం నవ్వుతున్నారంటే, అలాంటివారిని ఎక్కడో చూసే ఉంటారు. నవ్వనివ్వండి. మమ్మును బాధపెట్టేది అదే కార్యక్రమాల్లో నల్లగా ఉన్నదని, లావుగా ఉన్నదని ఆడమనిషిని ఆడిపోసుకోవడం, పెళ్ళాన్ని కొట్టడం కూడా ఒక జోకవడం. దాని మీద మాత్రం మన కుర్రాళ్ళకు కోపం రాలేదు. రావాలి. బిగ్ బాస్ గురించి అడిగారు. మూడు రోజులు చూశాము, చాలనుకున్నాము.

పొగడవలసినదాన్ని పొగడకపోవడం కూడా అన్యాయమే. 1996 నుంచి ఈటీవీలో బాలు గారు నడిపిన ‘పాడుతా తీయగా’ పాత ఎపిసోడ్లు మన ఆదివారపు బడి టీచర్లు చూడాలి. పిల్లవాడు శ్రుతి తప్పితే ఆయన ముందు బాగా పాడినచోటు చెప్పేవారు, తరువాత తప్పినచోటు తానే పాడి చూపించేవారు. పిల్లవాడు తల దించుకుని వెళ్ళేవాడు కాదు. కంఠత వాక్యం తప్పిన పిల్లను అందరిముందు నిలబెట్టే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన ‘90స్’ కూడా ఇంటిల్లిపాదీ కూర్చుని చూడదగినది. ప్రేమ ఉన్నా బయటికి చెప్పడం చేతకాని ఆ లెక్కల మాస్టారు మన సంఘంలో వరుసకు ఒకరున్నారు.

ఇక సీరియల్. పెద్దావిడ అడిగింది దాని గురించే గదా. ‘కార్తీక దీపం’ 2017 నుంచి 2023 జనవరి వరకు నడిచింది. అది నడిచినన్నాళ్ళూ సాయంకాలపు గృహ కూడికలు ఎనిమిది దాటితే గాని మొదలయ్యేవి కావు. మేమూ సమయం మార్చాము. కూలికి వెళ్ళి వచ్చి, వండి, వడ్డించి కూర్చున్న ఆడమనిషికి ఆ అరగంట ఒక్కటే తనది. దాన్ని లాక్కుని ప్రార్థన చేయించేకంటే అరగంట ఆగి మనసుపెట్టి ప్రార్థించడం మేలు. 1987లో ఆదివారం ఉదయం దూరదర్శన్‌లో రామాయణం వచ్చినప్పుడు కూడా ఈ గొడవే వచ్చిందని మా పెద్దలు చెప్పేవారు. ఆరాధన అప్పుడూ ఆగలేదు.

కానీ ఆ కథ ఏం చెప్పింది? దీప నల్లగా ఉన్నదని అత్తకు ఇష్టం లేదు. భర్త డాక్టరు. తనకు పిల్లలు పుట్టరని తప్పుడు పరీక్ష నమ్మి, భార్య గర్భవతి అయితే అనుమానించాడు. ఆమె బయటికి వెళ్ళి వంటలక్కయి బిడ్డను పెంచుకుంది. ఏళ్ళ తరబడి ఆమె ఏడుస్తూ ఓర్చుకుంది. ఒక్క రక్తపరీక్షతో తేలే సంగతిని ఆ డాక్టరు తేల్చుకోడు, తేల్చుకుంటే సీరియల్ అయిపోతుంది. నలుపు మీద నడిచిన కథకు తెల్లని నటికి నలుపు రంగు పూయవలసి వచ్చింది, నల్లటి అమ్మాయి దొరకలేదు కాబోలు. పోనివ్వండి. మేము పట్టుకునేది వేరే చోట. భర్త అనుమానించే ఇళ్ళల్లో "దీపలాగా ఓర్చుకో" అని అత్తలు, ఒక్కోసారి సంఘ పెద్దలు కూడా చెప్పడం మా చెవినబడింది. సంఖ్యాకాండము 5వ అధ్యాయం చదవండి. ఆ కఠినమైన కాలంలో కూడా భార్య మీద రోషం పుట్టిన మగవాడు తానే తీర్పరి కాకూడదు. ఆమెను యాజకుని దగ్గరకు తీసుకురావాలి, తీర్పు దేవునిది. ఇంట్లో తలుపు వేసి కొట్టే హక్కు ధర్మశాస్త్రం ఇవ్వలేదు. కోడలా, నువ్వు సీరియల్ చూడు. ఓర్చుకోవడం మాత్రం దానిలో నేర్చుకోకు.

చివరిగా ఒక సినిమా. శేఖర్ కమ్ముల గారి ‘లవ్ స్టోరీ’, 2021. కథానాయకుడు రేవంత్ క్రైస్తవ కుర్రాడు, తక్కువ కులమని చిన్నప్పటి నుంచి వేరుగా చూడబడ్డవాడు. ఇద్దరి డ్యాన్సు చూడడానికి వెళ్ళిన చాలామంది మరొక సంగతి చూసి మౌనంగా బయటికి వచ్చారు. కథానాయిక మౌనిక చిన్నప్పుడు సొంత బాబాయి చేతిలో పడిన హింస, ఎవరికీ చెప్పుకోలేక ఏళ్ళపాటు మింగిన భయం. చివర్లో ఫైటు పెట్టి తేల్చేశారు, అది సినిమా బలహీనత. కానీ ఆ పిల్ల భయాన్ని తప్పుగా చూపలేదు.

ఆ మూడు రాత్రులలో తెర మీది పాపం గురించి చాలా చెప్పారు. ఇంటి గోడల మధ్య పాపం గురించి ఒక్క మాట రాలేదు. బైబిలు దాచలేదు. 2 సమూయేలు 13వ అధ్యాయంలో రాజు ఇంట్లోనే తామారును సవతి అన్న అమ్నోను చెరిచాడు. ఆమె వద్దని ఎంత బతిమాలిందో గ్రంథం వివరంగా రాసింది. దావీదుకు కోపం వచ్చింది, కానీ కొడుకును ఏమీ చేయలేదు. అబ్షాలోము ఆమెను ఊరకుండమన్నాడు. నాతాను కథలోని ధనవంతుని మీద మండిపడిన దావీదే ఈయన. ఈ అధ్యాయం మీద ప్రసంగం మీరు ఎన్నిసార్లు విన్నారు? సినిమా ఆ సంగతిని మన హాల్లోకి, పిల్లల మధ్యకు తెచ్చింది. తల్లిదండ్రులు పక్కనే కూర్చుని చూస్తే, అమ్మాయి ఏ సన్నివేశం దగ్గర లేచి లోపలికి వెళ్ళిందో తెలుస్తుంది. టీవీ పగలగొట్టిన ఇంట్లో అది ఎలా తెలుస్తుంది?

ఇలాంటిది బయటపడినప్పుడు కొన్ని సంఘాల్లో పెద్దలు కూర్చుని, పరువు పోతుందని, ఇద్దరితో ప్రార్థన చేయించి కప్పేస్తారు. మన దగ్గర అలా జరగదు. 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు బిడ్డ మీద ఇలాంటి నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలియజేయాలి. పాస్టరుకు అందులో మినహాయింపు లేదు. చేసినవాడు సంఘ పెద్ద అయినా, మాకు బంధువైనా తెలియజేస్తాము. క్షమాపణ సంగతి ఆ తరువాత మాట్లాడదాము.

ఏ బిడ్డకైనా చెప్పుకోవలసింది ఉంటే పాస్టరమ్మగారు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు ఇంట్లోనే ఉంటారు. తలుపు తట్టనక్కరలేదు, వెనుక వాకిలి తీసే ఉంటుంది. మాకు చెప్పడం ఇష్టం లేకపోతే 1098కి ఫోను చేయండి, డబ్బులు పడవు, రాత్రయినా ఎత్తుతారు. ఆ నంబరు ఈ ఆదివారం మందిరం బయట బోర్డు మీద కూడా రాయిస్తున్నాము, పిల్లలకు అందే ఎత్తులో.